పదో సీజన్‌లో మా హాకీ పూల్: ఫాంట్రాక్స్ ఎంతవరకు ఆదుకుంది?

టొరంటో పక్కన మిస్సిస్సాగాలో 2016 అక్టోబరులో పదిమంది ఆఫీసు మిత్రులతో మొదలైన మా ఐస్ హాకీ పూల్, అంటే నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్లు కట్టి తలా కొంత రుసుము వేసుకుని ఆడే పోటీ, ఇప్పుడు పద్నాలుగు జట్లతో పదో సీజన్ (2025-26) ఆడుతోంది. మొదటి మూడేళ్లు యాహూలో ఉన్నాము, 2019 నుంచి ఫాంట్రాక్స్ అనే ఫాంటసీ ఆటల వెబ్‌సైటులో ఉంటున్నాము. ఇన్నేళ్లూ కమిషనర్ పని, అంటే పెత్తనమూ చాకిరీ కలిసిన పని, నాదే. వచ్చే వేసవిలో ఆ పని నుంచి తప్పుకోబోతున్నాను కనుక ఈ సమీక్షలో ఫాంట్రాక్స్‌ను ఒకే ప్రశ్నతో పరీక్షిస్తాను: రేపు నేను లేకపోతే ఈ లీగు నడుస్తుందా? ఆటగాళ్ల గణాంకాలు ఎంత త్వరగా వస్తాయి, యాప్ చూడడానికి ఎలా ఉంది అన్న విషయాలు చాలామంది రాశారు. లీగు బతికి బట్టకట్టడానికి వాటికంటే డబ్బు లెక్క, పని అప్పగింత ముఖ్యమని పదేళ్ల అనుభవంతో నాకు తెలిసివచ్చింది.

ఫాంటసీ హాకీతో పరిచయం లేనివారికి రెండు ముక్కలు. ఇది డ్రీమ్‌11లో లాగా ఒక్క మ్యాచ్‌కు జట్టు పెట్టి మర్నాటికి మరచిపోయే ఆట కాదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఎన్‌హెచ్‌ఎల్‌లోని, అంటే అమెరికా, కెనడాల నేషనల్ హాకీ లీగులోని, 32 జట్లు ఒక్కొక్కటీ 82 మ్యాచ్‌లు (2025-26 వరకు) ఆడతాయి. మనం డ్రాఫ్ట్‌లో, అంటే వంతులవారీ ఎంపికలో, ఎంచుకున్న ఆటగాళ్ల గోల్స్, అసిస్టులు, షాట్లు, హిట్లు, గోలీల (గోల్‌కీపర్ల) సేవ్‌లు లెక్కకట్టి వారం వారం ఒక ప్రత్యర్థితో తలపడతాము. మాది డైనాస్టీ లీగు కనుక సీజన్ అయిపోయినా జట్టు చెదిరిపోదు. నిరుడు నేను తీసుకున్న కుర్రాడు ఐదేళ్ల తరువాత కూడా నా దగ్గరే ఉండవచ్చు. పైగా ఆటగాళ్ల నిజమైన జీతాలే మాకూ జీతాలు, ఎన్‌హెచ్‌ఎల్ సాలరీ క్యాప్ (ఒక జట్టు జీతాల మొత్తానికి పెట్టిన గరిష్ఠ హద్దు) ఎంతో మా పరిమితీ అంతే. ఇటువంటి లీగు ఒక ఏడాది వినోదం కాదు, ఉమ్మడి ఆస్తి లాంటిది. కాబట్టి ఉమ్మడి ఆస్తికి వచ్చే తగాదాలన్నీ దీనికీ వస్తాయి.

ఏటా అక్టోబరులో కొత్తగా మొదలుపెట్టి ఏప్రిల్‌లో ముగించే సాధారణ ఆఫీసు పూల్ మీదైతే, ఫాంట్రాక్స్ గురించి ఇంతగా ఆలోచించనక్కరలేదు. యాహూ, ఈఎస్‌పీఎన్ ఉచితం, ప్రకటనలు భరిస్తే చాలు, కొత్తవాడు కూడా ఐదు నిమిషాల్లో జట్టు సర్దుకోగలడు. మేము యాహూ విడిచి వచ్చింది దానిలో లోపం ఉండి కాదు, మా కోరికలు పెరిగి. జీతాలు, బహుళ సంవత్సరాల ఒప్పందాలు, ఇంకా ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టని కుర్రాళ్లకు వేరే స్థానాలు, మూడేళ్ల తరువాతి డ్రాఫ్ట్ పిక్‌లను (ఆటగాడిని ఎంచుకునే వంతులను) సైతం ట్రేడ్, అంటే మార్పిడి, చేసుకునే వీలు మాకు కావలసివచ్చాయి. వీటిని ఫాంట్రాక్స్ తనలోనే పెట్టుకుంది. యాహూలో ఉండగా కీపర్ల (మరుసటి ఏడాదికి అట్టిపెట్టుకునే ఆటగాళ్ల) జాబితా, జీతాల పట్టిక నా ల్యాప్‌టాప్‌లోని స్ప్రెడ్‌షీట్‌లో ఉండేవి. అంటే లీగు సగం వెబ్‌సైటులోనూ సగం నా ఇంట్లోనూ ఉండేదన్నమాట. ఫాంట్రాక్స్‌కు మారిన తరువాత ఆ రెండో సగంలో చాలా భాగం అందరి కళ్ల ముందుకు వచ్చింది. నా దృష్టిలో ఈ సేవ చేసిన అసలు మేలు ఇదే.

అయితే జీతాల సంగతిలో ఒక మెలిక ఉంది. ఏ ఆటగాడికి ఎంత జీతమో అభిమానులు తెలుసుకునేది స్వతంత్రంగా నడిచే వెబ్‌సైట్ల వల్లనే. అందరూ ఆధారపడిన క్యాప్‌గీక్ దాని వ్యవస్థాపకుడి అనారోగ్యం వల్ల 2015 జనవరిలో మూతపడింది. దాని చోటులోకి వచ్చిన క్యాప్‌ఫ్రెండ్లీని 2024 జూన్‌లో వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు కొనుక్కుంది, జులైలో అది ప్రజలకు అందుబాటులో లేకుండా పోయింది. మా లీగు రాజ్యాంగంలో, అంటే నేను రాసిన పదకొండు పేజీల నియమావళిలో, ‘జీతం అనగా క్యాప్‌ఫ్రెండ్లీలో ఉన్న అంకె’ అని స్పష్టంగా రాసి ఉంది! ఆ జులైలో రెండు వారాలపాటు మాకు చట్టం ఉంది గాని, ఆ చట్టం చూపించే పుస్తకం లేదు. చివరికి పక్‌పీడియా అనే అలాంటి మరో వెబ్‌సైటుకు మారాము, నియమావళిలో కూడా వెబ్‌సైటు పేరు తీసేసి ‘సీజన్ ప్రారంభానికి వారం ముందు కమిషనర్, సహ కమిషనర్ ప్రకటించిన పట్టిక’ అని సవరించుకున్నాము. ఆ పట్టికను ఫాంట్రాక్స్‌లో ఎక్కించిన తరువాత అదే ప్రమాణం, ఎవరూ మరో వెబ్‌సైటు చూపించి వాదించడానికి లేదు.

మా క్యాప్‌ను ఎన్‌హెచ్‌ఎల్ క్యాప్‌తో ముడిపెట్టడం వల్ల ఏటా ఓటింగు పెట్టే బాధ తప్పింది. 2024-25లో 88 మిలియన్ డాలర్లున్న పరిమితి 2025-26లో 95.5 మిలియన్లయింది, 2026-27కు 104, 2027-28కి 113.5 అని ముందే ప్రకటించారు. మిన్నెసోటా ఆటగాడు కిరిల్ కప్రిజోవ్ కొత్త ఒప్పందం ప్రకారం 2026-27 నుంచి అతని భారం ఏడాదికి 17 మిలియన్లు. అతనిని అట్టిపెట్టుకోవాలో అమ్ముకోవాలో మా లీగులో అతని యజమాని ఇప్పటినుంచే తలపట్టుకు కూర్చున్నాడు. ఇది ఆటలో భాగమైన తలనొప్పి, దీనిని ఎవరూ కమిషనర్ మీదికి తోయరు. ఆ మాత్రం నిమ్మళం నాకు చాలు.

ఇక డబ్బు. మన ఊళ్లలో చీటీ నడిపేవారి మీద ఉండే నమ్మకమే ఇక్కడ కమిషనర్ మీద ఉంటుంది, భయమూ అదే, ‘ఐపీ పెట్టేస్తే ఏమిటి?’ అని. మొదటి రెండేళ్లు డబ్బంతా నా సొంత ఖాతాలోనే ఉండేది. మూడో ఏడు, సౌకర్యంగా ఉంటుందని ఒక చెల్లింపుల యాప్‌కు మారాము. సభ్యులలో ఒకరు డబ్బు పంపుతూ సందేశంలో ‘హాకీ పూల్ బాకీ’ అన్న అర్థం వచ్చేలా రాశారు. అది జూదానికి సంబంధించిన చెల్లింపేమో అన్న అనుమానంతో వారు ఖాతాను పదకొండు రోజులు ఆపివేశారు. డ్రాఫ్ట్ రోజున ముగ్గురి రుసుము వచ్చిందో రాలేదో నేనే చెప్పలేకపోయాను. ఆ యాప్ పేరు ఇక్కడ అనవసరం, వారి నిబంధన వారికి ఉంటుంది. తప్పు మాదే, ఒకే గొట్టంలోనుంచి డబ్బంతా పారేలా పెట్టుకోవడం. సీజన్ ముగిసేదాకా రుసుములు తన దగ్గర ఉంచుకొని, సభ్యులలో అధిక సంఖ్యాకులు ఒప్పుకున్న తరువాతే బహుమతులు పంచే లీగ్‌సేఫ్ వంటి సేవలు అమెరికా పూల్‌లకు బాగా తెలిసినవే. మా వాళ్లలో దాదాపు అందరివీ కెనడా బ్యాంకు ఖాతాలే కనుక మేము అక్కడి బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్‌తో సరిపెట్టుకున్నాము. నా పేరు, మా సహ కమిషనర్ పేరు కలిపి ఒక ఉమ్మడి ఖాతా తెరిచాము. డబ్బు పడిన వెంటనే దానంతట అదే జమ అయ్యేలా పెట్టుకోవడం ముఖ్యం, లేకపోతే ముప్పై రోజుల్లో తీసుకోని మొత్తం గడువు తీరిపోయి పంపినవారికి తిరిగి చేరుతుంది.

లెక్క ఇదీ: రుసుము కట్టే జట్లు పదమూడు, ఒక్కొక్కరు 80 డాలర్లు, మొత్తం 1,040. అందులో వెబ్‌సైటు రుసుముకు, ట్రోఫీ మీద పేరు చెక్కించడానికి, చిల్లర ఖర్చులకు 140. ప్రథమ బహుమతి 400, ద్వితీయం 200, తృతీయం 100, మామూలు సీజన్‌లో అగ్రస్థానానికి 100. మిగిలిన 100 నిల్వ నిధికి. వినడానికి చిన్న మొత్తమే. కాని ఆ నిల్వ నిధి లేకపోతే మా లీగు ఏడో ఏట మూతపడేది.

ఎందుకంటే డైనాస్టీ లీగులను చంపేది దిక్కులేని జట్టు. ఒక సభ్యుడు ఈ ఏడాది గెలవాలన్న తహతహతో రాబోయే రెండేళ్ల డ్రాఫ్ట్ పిక్‌లు అమ్మేసి, ముదురు ఆటగాళ్లను కొనుక్కొని, ఓడిపోయి, ఏప్రిల్‌లో ‘ఇక నాకు తీరిక లేదు’ అని చల్లగా జారుకుంటాడు. అతను వదిలిన జట్టులో గాయపడిన ముప్పై ఆరేళ్ల డిఫెన్స్‌మన్లు తప్ప ఎవరూ మిగలరు. అటువంటి జట్టును 80 డాలర్లు పెట్టి ఎవరు తీసుకుంటారు? ఏడో సీజన్ ముగిసేసరికి మాకు ఇలాంటి జట్లు రెండు మిగిలాయి. అప్పుడు పెట్టుకున్న నియమాలు రెండు. ఏ సంవత్సరం పిక్‌ను అమ్మితే ఆ సంవత్సరపు రుసుమును ముందే కట్టాలి, కట్టేదాకా ట్రేడ్‌ను ఆమోదించము. కొత్తగా చేరేవారు ఒక సంవత్సరం రుసుమును ధరావతుగా ఉంచాలి. సీజన్ ముందు చెప్పి వెళితే అది వారి ఆఖరి ఏటి రుసుముగా చెల్లుతుంది, చెప్పకుండా వెళితే ఆ జట్టును ఎత్తుకున్నవారి ఖాతాలో పడుతుంది. నిల్వ నిధిలోనుంచి కొత్త యజమానికి మొదటి ఏడు సగం రుసుము తగ్గిస్తాము. ఆ రెండు జట్లకూ అలాగే యజమానులు దొరికారు.

ట్రేడ్‌లను కమిషనర్ ఆమోదం కోసం ఆపి ఉంచే వెసులుబాటు ఫాంట్రాక్స్‌లో ఉండబట్టే ఈ ముందస్తు చెల్లింపు నియమం పనిచేస్తోంది. భవిష్యత్తు పిక్‌లు ఎవరి దగ్గర ఉన్నాయో వెబ్‌సైటే చూపిస్తుంది, ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో లావాదేవీల పట్టికలో తేదీ, సమయంతో సహా కనిపిస్తుంది. నిరుడు నవంబరులో ఒక సభ్యుడు తన రెండో రౌండు పిక్ తనకు తెలియకుండా పోయిందని వాట్సాప్‌లో రాత్రి పదకొండున్నరకు నిప్పులు చెరిగాడు. పట్టిక తెరిచి చూపిస్తే, పద్నాలుగు నెలల కిందట ఒక గోలీ కోసం అతనే దానిని ఇచ్చేసిన వరుస అక్కడే ఉంది. నేను ఒక్క మాట కూడా అనవలసిన అవసరం రాలేదు. నా స్ప్రెడ్‌షీట్ రోజుల్లో ఇదే వివాదం వచ్చి ఉంటే, నా మాట నమ్మాలా వద్దా అన్నది ప్రశ్న అయి కూర్చునేది.

వెసులుబాటు అంత ఎక్కువ కాబట్టి సెట్టింగులూ అంత ఎక్కువ. కొత్త కమిషనర్‌కు మొదటి పది రోజులు అడవిలో దారి వెతుక్కున్నట్టే ఉంటుంది. ఒక్కొక్క మీట వెనుక ఇంకో మూడు మీటలు. ఉచిత లీగు తోనూ చాలా దూరం వెళ్లవచ్చు, మేమూ మొదట అలాగే ఆడాము. అదనపు సౌకర్యాల కోసం తరువాత డబ్బు కట్టే రకానికి మారాము, దానికి చింతించడం లేదు. కాని ఏ సెట్టింగును ఎందుకు అలా పెట్టామన్నది ఏ వెబ్‌సైటూ గుర్తుపెట్టుకోదు. అది మీరే రాసుకోవాలి.

ఈ మాట నాకు 2025 ఫిబ్రవరిలో తెలిసింది. మాఘమాసంలో మా చెల్లెలి పెళ్లికి మూడు వారాలు రాజమండ్రి వెళ్లాను. లీగును మా సహ కమిషనర్‌కు అప్పగించాను. ఆయన కెనడాలోని సడ్‌బరీలో పుట్టి పెరిగిన మనిషి, హాకీ నాకంటే ఎంతో ఎక్కువ తెలుసు. ఫాంట్రాక్స్‌లో సహ కమిషనర్‌కు అధికారాలన్నీ ఇవ్వవచ్చు కాబట్టి వెబ్‌సైటు వైపునుంచి ఒక్క ఆటంకం రాలేదు. ఆటంకం వచ్చింది నా తలకాయలోనుంచి. గాయాల స్థానంలో ఉన్న ఒక గోలీ కోలుకుని వచ్చాడు, దాంతో ఆ జట్టులో ఒకరు ఎక్కువయ్యారు. నియమం ప్రకారం ఎవరినో ఒకరిని వదులుకునేదాకా ఆ జట్టును తాళం వేయాలి, సహ కమిషనర్ అలాగే వేశారు. కాని ఇన్నేళ్లుగా నేను ఇటువంటి సందర్భంలో ఒక రోజు గడువిస్తూ వచ్చాను, ఆ అలవాటును నియమావళిలో ఎక్కడా రాయలేదు. ఆ వారం పోటీని ఆ జట్టు సేవ్ శాతం (గోలీ ఆపిన షాట్ల శాతం) అన్న ఒక్క అంశంలో తేడాతో ఓడిపోయింది. తాంబూలాలు పంచుతూ ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో, నేను ముప్పావుగంట పంచాయితీ చేశాను. మా మేనత్త పక్కనుంచి, “ఏరా, ఆఫీసులో ఏమైనా గొడవా?” అని అడిగింది. హాకీ అని చెప్పే ధైర్యం లేక, “అవును అత్తా, చిన్నదే” అన్నాను. తిరిగి వచ్చిన తరువాత నా అలవాట్లన్నిటినీ గుర్తుచేసుకుని రాస్తే పందొమ్మిది తేలాయి. పదకొండు పేజీల నియమావళి పద్నాలుగయింది.

అటువంటి రాయని చట్టం వల్ల అంతకుముందు ఒకసారి పెద్ద దెబ్బే తిన్నాము. కోవిడ్ వల్ల 2020 మార్చి 12న ఎన్‌హెచ్‌ఎల్ ఆట ఆపివేసింది, మే 26న మామూలు సీజన్ అక్కడితో ముగిసిందని ప్రకటించింది. మా ప్లేఆఫ్‌లు అప్పటికి మొదలే కాలేదు. బహుమతులు పట్టికలో స్థానాలనుబట్టి ఇవ్వాలని పైన ఉన్నవారు, రుసుములు వెనక్కి ఇవ్వాలని కింద ఉన్నవారు ఆరు వారాలు వాదించుకున్నారు. సగం బహుమతులు స్థానాల ప్రకారం పంచి, సగం తరువాతి ఏడాదికి జమ వేసి బయటపడ్డాము. హాకీలో ఇది అనూహ్యమైన విపత్తు అని కూడా అనలేము: యజమానులు, ఆటగాళ్ల మధ్య తగువుతో 2004-05 సీజన్ మొత్తం రద్దయింది, అదే కారణంతో 2012-13లో జట్టుకు 48 మ్యాచ్‌లే జరిగాయి, కోవిడ్ వల్ల 2020-21లో 56. ఇప్పుడు మా నియమం స్పష్టంగా ఉంది: మా వారపు పోటీలలో మూడింట రెండు వంతులు ముగిశాక సీజన్ ఆగితే స్థానాల ప్రకారం బహుమతులు, అంతకుముందే ఆగితే రుసుము మొత్తం వచ్చే ఏడాదికి. 2026 ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్ కోసం దాదాపు మూడు వారాల విరామం, 2026-27 నుంచి జట్టుకు 84 మ్యాచ్‌లు. స్కోరింగు వారాలను మనకు నచ్చినట్టు కలపడానికీ విడగొట్టడానికీ ఫాంట్రాక్స్‌లో వీలుండడం ఇటువంటప్పుడు ఎంతో ఉపయోగం. ఒలింపిక్స్ విరామాన్ని అటూ ఇటూ ఉన్న వారాలతో కలిపి ఒకే పోటీగా సెప్టెంబరులోనే పెట్టేశాము.

పద్నాలుగో జట్టు రుసుము ఎందుకు కట్టదని మీకు సందేహం వచ్చి ఉండాలి. అది హైదరాబాద్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకుది. ఇక్కడ రెండేళ్లు చదువుకుని వెళ్లిపోయినా లీఫ్స్ (టొరంటో హాకీ జట్టు) పిచ్చి వదలలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో దేశమంతటా డబ్బు ఆటలకు తెరపడి డ్రీమ్‌11 కూడా రుసుము పోటీలు ఆపివేసింది. మా తమ్ముడు మొదటినుంచీ రుసుము కట్టలేదు, బహుమతీ తీసుకోడు. అతను గెలిస్తే ట్రోఫీ మీద పేరు మాత్రం చెక్కిస్తాము, సొమ్ము తరువాతి స్థానానికి వెళుతుంది. డబ్బు పెట్టనివాడు శ్రద్ధ పెట్టడని కొందరు మొదట అభ్యంతరం చెప్పారు. చలికాలంలో ఇక్కడ సాయంత్రం ఏడింటికి మొదలయ్యే మ్యాచ్ అతనికి తెల్లవారుజామున ఐదున్నరకు. ఆ వేళకు లేచి గోలీ మార్చేవాడి శ్రద్ధను శంకించడం అన్యాయం. “అన్నయ్యా, మీ వాళ్లు రాత్రి బీరు తాగి లైనప్ మర్చిపోతారు, నేను కాఫీ తాగి పెడతాను” అంటాడు. ప్రస్తుతం మూడో స్థానంలో ఉన్నాడు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. కమిషనర్‌కు రుసుము మినహాయిద్దామని సభ్యులు రెండో ఏడే ప్రతిపాదించారు. నేను మర్యాదకు పోయి వద్దన్నాను. దాని ఫలితం పదో ఏట తెలిసింది: వారానికి రెండు మూడు గంటల పనిని ఒకడు ఉచితంగా చేస్తూ పోతే, ఆ పని విలువ సున్నా అని స్థిరపడిపోతుంది, తరువాత ఎవరూ దానిని నెత్తిన వేసుకోరు. వచ్చే సీజన్ నుంచి కమిషనర్ రుసుము కట్టనక్కరలేదని, ఆ 80 డాలర్లను ప్రథమ, ద్వితీయ బహుమతులనుంచి చెరి సగం తగ్గించాలని పదకొండు ఓట్లతో తీర్మానించుకున్నాము. వద్దన్న ముగ్గురిలో ఇద్దరు ఆ సమయానికి మొదటి రెండు స్థానాల్లో ఉన్నవారు!

నా మొదటి ప్రశ్నకు ఫాంట్రాక్స్ ఇచ్చిన జవాబు చాలావరకు అనుకూలమే. జట్లు, ఒప్పందాలు, పిక్‌లు, చరిత్ర అన్నీ అందులోనే ఉన్నాయి, ఆటగాళ్ల పట్టికలను ఫైలుగా దింపుకోవచ్చు కూడా. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక నకలు దింపి ఉమ్మడి ఫోల్డరులో పెడుతున్నాము, క్యాప్‌ఫ్రెండ్లీ నేర్పిన బుద్ధి అది. డబ్బు, రాయని అలవాట్లు, మనుషుల మధ్య సర్దుబాట్లు మాత్రం ఏ వెబ్‌సైటుకూ అప్పగించలేనివి. పది లేక పన్నెండు జట్ల డైనాస్టీ, సాలరీ క్యాప్ లీగుకు ఐదింట నాలుగున్నర ఇస్తాను. ఏడాదితో ముగిసే పూల్‌కు రెండున్నర చాలు, యాహూలోనే ఉండండి. భారతదేశంలో ఉండి చదువుతున్నవారు ఉచిత లీగుగా ఆడుకోండి, రుసుముల జోలికి పోకండి.

ఈసారి వెబ్‌సైటు పునరుద్ధరణ రుసుము నా కార్డు మీద కాక మా సహ కమిషనర్ కార్డు మీద కట్టించాను. రసీదు ఆయన ఈమెయిల్‌కే వెళ్లింది. ఏ పద్దు కింద రాయాలో అడుగుతూ ఆయన నాకు ఫోన్ చేశారు, నియమావళి పన్నెండో పేజీ చూడమన్నాను.